రెండు సమితులు

పుత్తూరు వైపు పెద్దవాళ్ళతో మాట్లాడితే, మండలాఫీసుని ఇప్పటికీ ‘సమితాఫీసు’ అనేవాళ్ళు తగులుతారు. ఆ పంచాయతీ సమితి పోయి నలభయ్యేళ్ళు కావస్తోంది. పేరులో అదే మాట ఉన్న ఇంకో సంస్థ, తిరుపతిలోని రాష్ట్రీయ సేవా సమితి, అందరూ ‘రాస్’ అనేది, అది మాత్రం ఉంది. మొదటిది ఓట్లతో పుట్టింది, రెండోది రిజిస్ట్రేషన్‌తో. ఈ ప్రాంతపు గ్రామీణాభివృద్ధి కథంతా ఈ రెండూ ఒకదాని పని ఒకటి అందుకోవడమే అని నాకనిపిస్తుంది.

ముందు ఓట్ల సమితి సంగతి. 1948లో ఎటావాలో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు కొన్ని ఊళ్ళలో ఒక ప్రయోగం మొదలెట్టాడు. బాగా నడిచింది. 1952 అక్టోబరు 2న కేంద్రం అదే పద్ధతిని 55 ప్రాజెక్టులుగా దేశం మీదకి వదిలింది. పైలట్‌లో పనిచేసింది ప్రొడక్షన్‌లో పడుకోవడం మా వృత్తిలో రోజూ చూసేదే. బ్లాకులొచ్చాయి, బీడీఓలొచ్చారు, గ్రామసేవకులొచ్చారు, జీపులొచ్చాయి. జనం మాత్రం రాలేదు. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ మర్యాదగా చెప్పింది కూడా అదే. ఎన్నికైన వాళ్ళ చేతికిస్తే తప్ప కదలదంది. అలా 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. సమితి ప్రెసిడెంటు అంటే ఎమ్మెల్యేకి సాటి అయిపోయాడు. బావులు, బడులు, రోడ్లు ఎవరి ఊరికి పోయాయన్నది ఎవరి మనిషన్న దాన్ని బట్టి తేలేది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986 చట్టంతో వాటిని తీసేసి మండల ప్రజా పరిషత్తులు పెట్టింది.

ఈలోగా 1981లో గుత్తా మునిరత్నం తిరుపతిలో రాయలసీమ సేవా సమితి పెట్టారు. ‘రాయలసీమ’ తర్వాత ‘రాష్ట్రీయ’ అయింది. స్ఫూర్తి పాటూరి రాజగోపాలనాయుడు. గాంధేయవాది, చిత్తూరు ఎంపీ. ఆయనకి గురువు ఎన్.జి.రంగా. రంగా 1959లో సహకార సేద్యం వద్దని నెహ్రూతో తెగతెంపులు చేసుకుని స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైన మనిషి. 1962 ఉపఎన్నికలో గెలిచింది చిత్తూరు నుంచే. రైతు జోలికి సర్కారు రావద్దన్న ఆ రంగా పేరుతోనే ఇప్పుడు రాస్ కృషి విజ్ఞాన కేంద్రం నడుపుతోంది, భారత వ్యవసాయ పరిశోధన మండలి డబ్బుతో. వ్యంగ్యానికి అనడం లేదు. ఇక్కడి స్వచ్ఛంద సంస్థల తత్వం అర్థం కావాలంటే ఈ ముడి ఒక్కటి చాలు.

అసలు ఆ రోజుల్లోనే ఇన్ని సంస్థలు ఎందుకు పుట్టాయి? సేవాభావం, కరువు, ఎమర్జెన్సీ తర్వాత రాజకీయాల మీద విసుగు, ఇవన్నీ ఉన్నాయి. ఇంకో నీరసమైన కారణం కూడా ఉంది. 1978లో ఆదాయపు పన్ను చట్టంలో 35సీసీఏ అనే సెక్షన్ చేరింది. గ్రామీణాభివృద్ధి సంస్థకి కంపెనీ విరాళమిస్తే ఆ మొత్తం మీద పన్ను మినహాయింపు. 1983లో ఆ దారి మూసి, జాతీయ నిధి వైపు తిప్పారు. 1986లో కపార్ట్ వచ్చింది. అంటే డబ్బు పెట్టేది ప్రభుత్వం, పని చేసేది సంస్థ. సొసైటీకి ఏడుగురు మనుషులు, ఒక నియమావళి ఉంటే చాలు.

పనిని తక్కువ చేసి చూడలేం. రాస్ పిల్లల క్రెష్‌లు, ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, ముసలివాళ్ళ బాగోగులు చూసింది. క్రెష్ అంటే పట్నం వాళ్ళకి చిన్న విషయం. చెనిక్కాయల కలుపుకి పొయ్యే తల్లికి మాత్రం అది ఆ రోజు కూలి. బిడ్డని చూసేదానికి పెద్దపాప బడి మానక్కరలేదు. సమితి ప్రెసిడెంటు చేతిలోని రోడ్డుకి శంకుస్థాపన ఉంటుంది, క్రెష్‌కి ఉండదు. అందుకే అది స్వచ్ఛంద సంస్థల వాటాకి వచ్చిందేమో.

2000లో ఇంకో మలుపు. ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం ఆరు జిల్లాల్లో మొదలైంది. చిత్తూరు వాటిలో ఒకటి. సంఘం, సమాఖ్య, కమ్యూనిటీ కోఆర్డినేటర్... స్వచ్ఛంద సంస్థల పదకోశం మొత్తం సర్కారు ఎత్తేసుకుంది. సంస్థేమో సర్కారు ప్రాజెక్టులు నడిపింది. ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమైపోయింది.

నాకు ఇక్కడే గుచ్చుకుంటుంది. పాత సమితి ప్రెసిడెంటు పక్షపాతి కావచ్చు. కానీ నచ్చకపోతే వరండాలో నిలబడి అరవొచ్చు, ఐదేళ్ళకి ఓడించొచ్చు. సంస్థ ఎంత మంచిదైనా దాని లెక్కలు పైకే పోతాయి, ఢిల్లీకో జెనీవాకో. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు, పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని చిన్న సంస్థకి పంచకూడదన్నారు. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నించి 20 శాతానికి దించారు. తిరుపతి, ఢిల్లీ స్థాయి వాళ్ళు ఎలాగో తట్టుకుంటారు. ఏడుగురు మనుషులతో ఊళ్ళో నడిచేది, పెద్దదాని చేయి పట్టుకుని బతికేది, దాని గతి ఏంటి? క్రెష్ మూతపడితే ఆ కలుపుకి పొయ్యే తల్లి అడగాల్సింది ఎవరిని? మండలాఫీసుకి పోతే అది మాది కాదంటారు. సంస్థకి పోతే పైనుంచి రాలేదంటారు. రెండూ నిజమే.