కీ ఎవరు తయారు చేశారు?

హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో సాస్ అనే డేటా సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లకు మెర్జ్, అంటే రెండు పట్టికలను కలపడం, త్వరగానే ఎదురవుతుంది. రెండు డేటాసెట్లనూ ముందు ప్రోక్ సార్ట్‌తో వరసలో పెట్టాలి, ఆ తర్వాతే కీ, అంటే రెంటినీ జతచేసే కాలమ్, పేరు చెప్పి కలపాలి. వరస తప్పితే ఎర్రర్ తప్పదు. ఈ పట్టింపు కంప్యూటర్ కన్నా పాతది. 1937లో వచ్చిన ఐబీఎం 077 కొలేటర్, నంబరు వరసలో పేర్చిన రెండు పంచ్ కార్డు కట్టలను పక్కపక్కన నడిపించి జతకలిపేది. ఆ పద్ధతే టేపులకూ, కోబాల్‌కూ వచ్చింది. వై2కె హడావుడిలో అమీర్‌పేట మెయిన్‌ఫ్రేమ్ బ్యాచులు నేర్చుకున్నదీ అదే. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా వరసతో పని లేకుండా చేసింది. ఆర్, పాండాస్ లాంటి డేటా సాధనాల్లో ఇప్పుడు కలపడం ఒక్క లైను. ఆ ఒక్క లైనులోనూ మెలిక ఉంది: ఏమీ చెప్పకపోతే సాస్ మెర్జ్ జత దొరకని రికార్డులనూ ఉంచుతుంది, ఆర్, పాండాస్ వాటిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. ఒక టేబుల్లో కీ ‘0012’ అనే అక్షరాలుగా, రెండోదాంట్లో 12 అనే అంకెగా ఉంటే, ఆర్ మెర్జ్‌లో ఆ కీ ఉన్న మనిషి ఫలితంలోంచే మాయమవుతాడు.

ఇన్నేళ్లలో సులువైంది కలపడమే. ఏది దేనికి జత అని తేల్చే కీ మాత్రం సాఫ్ట్‌వేర్ చేతిలో ఎప్పుడూ లేదు. క్లినికల్ సాస్ కోర్సుల్లో ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే క్లినికల్ ట్రయల్స్‌లో కీ ముందే తయారై ఉంటుంది. పంజాగుట్ట నిమ్స్ 2020లో కోవాగ్జిన్ ట్రయల్స్ జరిగిన కేంద్రాల్లో ఒకటి. అలాంటి ట్రయల్‌లో చేరిన ప్రతి వ్యక్తికీ మొదట్లోనే ఒక సంఖ్య ఇస్తారు. రక్తపరీక్ష అయినా, జ్వరం నమోదు అయినా ఆ సంఖ్య కిందే పడుతుంది. ప్రభుత్వ శాఖల రికార్డులకు ఆ భాగ్యం లేదు. రవాణా శాఖ దగ్గర ఇంటిపేరు ముందుంటే పౌరసరఫరాల దగ్గర పొడి అక్షరమే ఉంటుంది. ఇంగ్లిష్‌లో లక్ష్మికి రెండు మూడు స్పెల్లింగులు. అప్పుడు కీని వెతకాలి, అంటే ఊహించాలి.

ఆ ఊహకు గణితం ఎప్పుడో వచ్చింది. 1946లో హాల్బర్ట్ డన్ రికార్డుల అనుసంధానం గురించి రాశాడు. 1969లో ఫెల్లెగీ, సంటర్ దానికి సిద్ధాంతం కట్టారు. వాళ్లు జతలను రెండు కుప్పలుగా కాదు, మూడుగా పోశారు: కలిసినవి, కలవనివి, మనిషి చూసి తేల్చాల్సినవి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం ఆ మూడో కుప్పే. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక పేరుతో వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామా లాంటి వివరాల పోలికతో ఒకే మనిషికి ముడివేసింది. అనర్హుల రేషన్ కార్డుల ఏరివేతకూ దాన్ని వాడింది. కారు లేనివాళ్లకు కారున్నట్టు తేలి బియ్యం ఆగిపోయిన ఉదంతాలు బయటికొచ్చాయి. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు ఆ సిద్ధాంతం పేరెత్తకపోయినా, అడిగింది మాత్రం మూడో కుప్పనే.

ఆధార్ ఉండగా ఈ తంటా ఎందుకు అనొచ్చు. నిజమే, ఇక నుంచి మొదలయ్యే రికార్డుకు అది మంచి కీ. కానీ పాత రిజిస్టరుకు ఆధార్ ఎక్కించాలన్నా ముందు పేరూ తండ్రి పేరూ సరిచూడాల్సిందే. అదీ ఒక మెర్జే, అక్కడ తప్పితే ఆ పన్నెండంకెలూ ఆ తప్పునే మోసుకెళ్తాయి. లక్షల కార్డులను మనుషులు చూడటం అయ్యే పనేనా అన్నది గట్టి అభ్యంతరం. అన్నీ చూడక్కర్లేదు, అనుమానపు జతలు చూస్తే చాలు. ఎంత పోలిక దాటితే అనుమానం తీరినట్టో చెప్పే హద్దును ప్రోగ్రాంలో ఎవరో ఒకరు పెడతారు. దాన్ని కాస్త పెంచితే అసలు జతలు తప్పిపోతాయి, తగ్గిస్తే వేరేవాళ్ల కారు మీ పేరున పడుతుంది. ఈ రెండు తప్పుల ఖరీదు ఒకటి కాదు. అర్హత లేని కార్డు ఒకటి మిగిలిపోతే ఖజానాకు కొన్ని కిలోల బియ్యం నష్టం. అర్హత ఉన్న కార్డు పోతే ఆ ఇంట్లో నెలంతా పొయ్యి మీద ఏం పెట్టాలన్నది సమస్య. కాబట్టి హద్దు ఎక్కడ పెట్టారో రాతపూర్వకంగా ప్రకటించాలి, కార్డు తీసేసే ముందు ఆ ఇంటికి నోటీసు వెళ్లాలి.