అసలు ప్రతి, నకలు ప్రతి



35 ఏళ్ళ సర్వీసులో నా చేతుల మీదుగా నడిచిన కాగితాలు రెండే రకాలు. ఒకటి అసలు, రెండవది నకలు. ఆ రోజుల్లో నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర పడితే గాని దానికి విలువ ఉండేది కాదు. అటువంటి నాకు 2022 మే నెలలో ఒక వార్త విడ్డూరంగా తోచింది. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1964లో చేసిన సినీతార మెరిలిన్ మన్రో చిత్రం న్యూయార్క్ వేలంలో సుమారు 19 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముడయింది. ఫోటో నుండి అచ్చు తీసిన బొమ్మకు అంత ధరా అనుకుని, దాని పూర్వాపరాలు చదివాను.

మన్రో 1926లో లాస్ ఏంజెలెస్‌లో జన్మించారు. అసలు పేరు నార్మా జీన్. బాల్యం పరాయి ఇళ్ళలో, అనాథాశ్రమంలో గడిచింది. 1962 ఆగస్టులో, 36వ ఏట మరణించారు. అప్పటికి వార్హోల్ చెప్పుల ప్రకటనలకు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవారు. ఆ జూలైలోనే సూప్ డబ్బాల చిత్రాలు 32 ప్రదర్శించారు. రోజూ కంటబడే సరుకులను, సినిమా బొమ్మలను ఇలా చిత్రకళలోకి తెచ్చిన ధోరణికే పాప్ ఆర్ట్ అని పేరు.

మన్రో మరణవార్త తరువాత, 1953లో విడుదలైన ‘నయాగరా’ చిత్ర ప్రచారానికి తీసిన ఫోటోను ఆయన తీసుకున్నారు. దానితో చేసిన వాటిలో కొన్ని చాలా చిన్నవి. ఎత్తు 20 అంగుళాలు, వెడల్పు 16. మన గోడలకు వేలాడే పటాలంత. వెనుక రంగును బట్టి నిమ్మ, చెర్రీ, పుదీనా అని పేర్లు. నిమ్మరంగుది 1962లో 250 డాలర్లకు అమ్ముడై, 2007లో సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లు పలికింది.

పద్ధతి మనకు కొత్తది కాదు. ముందుగా కాన్వాసుపై ముఖానికి, జుట్టుకు, పెదవులకు చేత్తో రంగులు వేసేవారు. తరువాత చట్రానికి బిగించిన సన్నని వస్త్రంపైకి ఫోటోను ఎక్కించి, నల్లసిరా పోసి, రబ్బరు పలకతో లాగేవారు. సైక్లోస్టైల్ స్టెన్సిల్ సూత్రమూ ఇదే. తెరుచుకున్న చోటే సిరా దిగుతుంది. ఒక ప్రతిలో సిరా ముద్దగా, మరొక దానిలో పలుచగా పడేది. అటువంటి ప్రతులను మా సూపరింటెండెంటుగారు చింపించేవారు. వార్హోల్ ఉంచుకున్నారు. అందుకే ఒకదానివలె మరొకటి లేదు, ప్రతి ఒక్కటీ అసలే.

ఇది చదివాక మా ఇంటి గోడ వంక చూశాను. నా అర్ధాంగికి ఫోటో అంటే గిట్టదు. ఆమె గతించాక మిగిలినది పెన్షన్ కాగితాలకు తీయించిన జాయింటు ఫోటో ఒక్కటే. స్టూడియోలో అందులోని ముఖం పెద్దది చేయిస్తే, నెరిసిన జుట్టు నల్లబడింది, నేత చీర పట్టుచీర అయింది. ఇది ఆమె కాదని చాలా రోజులు అటు చూడలేదు. కాని ఆమె పోయాక పుట్టిన మా మనవరాలు రోజూ ఆ పటానికే చేయి ఊపి, “మామ్మా, బడికి వెళ్ళొస్తా” అంటుంది. ఆ పిల్లకు అదే అసలు. అప్పటినుండి, సాయంత్రాలు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, మామ్మ జుట్టు నెరిసినదనీ, నేత చీరలే కట్టేదనీ చెబుతున్నాను.

సభ్యులకు నా మనవి ఒక్కటే. జాయింటు ఫోటో ప్రతులన్నీ ఆఫీసుకే ఇచ్చివేయకండి. ఒకటి ఇంట్లో దాచి, వెనుక పేరు, తేదీ వ్రాసి ఉంచండి. వీలైతే ఆ రోజు ఏ చీర కట్టుకున్నారో కూడా వ్రాయండి.