ఏలూరు సీమలో బొగ్గు బస్సులు

1941లో మన దేశమున పెట్రోలునకు రేషను ఏర్పడినది. మరుసటి యేడు మార్చిలో రంగూను జపానువారి వశమై, ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు పడి, ఆ నెలలోనే బర్మాలోని యేనాంజాంగ్ చమురుబావులను శత్రువునకు దక్కనీయకుండుటకై ఆంగ్లేయులే ధ్వంసము చేసి వెనుకకు మరలుటతో, అచ్చటనుండి తూర్పుతీరపు రేవులకు వచ్చుచుండిన చమురు నిలిచిపోయెను; బస్సులకు కట్టెబొగ్గు గ్యాసే దిక్కయ్యెను. ఇంజనుతోబాటు కంపెనీ బిగించి పంపిన ఇన్‌టేక్ మానిఫోల్డును, అనగా సిలిండర్లకు మిశ్రమమును పంచు గొట్టమును, మార్చుటకు పెట్టిన సొమ్ము గిట్టుబాటగునా అను ప్రశ్న నేడు వేగమునందు మక్కువగల యువకులు మెకానికు షెడ్లలో చర్చించుకొను ప్రశ్నగ వినబడుచున్నది గాని, మన సీమలో అది బస్సు యజమానికి కూటిప్రశ్నయై యెదురైనది ఆ యుద్ధసంవత్సరములలో నని నా యభిప్రాయము. పెట్రోలుకై పుట్టిన ఇంజనును కట్టెబొగ్గు గ్యాసుపై నడపవలసి వచ్చినప్పుడు తప్పనిసరిగ చేయిపెట్టవలసిన భాగములలో ఆ గొట్టము మొదటిది.

ఏలూరు సీమ మొదటినుండియు నీటిదారుల సీమ. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట గోదావరి కాలువయు కృష్ణ కాలువయు ఏలూరుకడ కలిసికొనుటచేత, రాజమహేంద్రవరమునుండి బెజవాడకును, అచ్చటనుండి బకింగుహాము కాలువ మీదుగ మదరాసువరకును సరకుపడవలు నడచెను. కొల్లేటి లంకలవారికి తాటిదోనెయే బండి. 1890లలో రైలు వచ్చి కాలువల ప్రాభవమును తగ్గించెను. 1925లో పశ్చిమగోదావరి జిల్లా యేర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణము కాగా, కోర్టుపనికిని కచేరీపనికిని వచ్చు జనము పెరిగి, రైలు పోని చింతలపూడి, జంగారెడ్డిగూడెము దిక్కులకు మోటారుబస్సు అవసరమైనది. పడవకు గాలియు తాడులాగు మనుష్యుడును, రైలుకు రాక్షసిబొగ్గును చాలును. బస్సొక్కటియే సముద్రము దాటివచ్చిన చమురును నమ్ముకొని బ్రదికినది.

కట్టెబొగ్గు గ్యాసు మనవారికి పూర్తిగ క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రోత్సాహమున మదరాసు రాజధానిలో నూతులపై చమురు ఇంజన్లు వెలసిన తరువాత, చమురు ఖర్చు భరింపలేనివారు బొగ్గుగ్యాసుతో నడచు ఇంజన్లను కూడ తెప్పించుకొనుచుండిరి. అయితే నేలపై పాతుకొని యొకే వేగమున తిరుగు ఇంజనుకు గ్యాసు నందించుట వేరు. ముప్పదిమంది ప్రయాణికులను మోసికొని, నిలుచుచు కదలుచు, గతుకుల రోడ్డుపై పోవు బస్సుకు అందించుట వేరు. ఫ్రాన్సులో జార్జి ఇంబేరు 1920లలో రూపొందించిన పద్ధతి ఆ కష్టమును చాలవరకు తీర్చినది. యుద్ధకాలమున స్వీడను దేశమొక్కటియే 70,000కు పైగా వాహనములను గ్యాసునకు మార్చుకొనగలిగినదన్న, యూరపుఖండమున అట్టివి సుమారు పదిలక్షల వరకు నడచినవన్న, ఈ విద్య యెంత విస్తరించెనో ఊహింపవచ్చును.

బొగ్గు బస్సు ప్రయాణము తెల్లవారకముందే క్లీనరు చేతులతో ఆరంభమగును. బస్సు వెనుకభాగమున నిలువెత్తు ఇనుపడ్రమ్ము. దాని పైమూత తీసి వ్రేలెడు ముక్కలుగ కొట్టి జల్లించిన బొగ్గును నింపి, క్రింది రంధ్రమునుండి నూనెగుడ్డతో నిప్పంటించి, ప్రక్కనున్న బ్లోయరు పిడిని పట్టుకొని పది పదిహేను నిమిషములపాటు విరామము లేక త్రిప్పవలెను. మొదట వచ్చునది తెల్లని పొగ. కొంతసేపటికి పొగ పలుచనై కంటికి కనబడనంతగ మారినప్పుడు, గొట్టము చివర అగ్గిపుల్ల గీచి చూపిన నీలిమంట నిలుకడగ నిలిచినచో గ్యాసు పక్వమైనదని గుర్తు. అప్పుడు డ్రైవరు కొద్దిపాటి పెట్రోలుతో ఇంజనును లేపి, దాని చప్పుడును చెవితో కనిపెట్టుచు, పెట్రోలును ఆపి, గాలిని గ్యాసును కలుపు వాల్వును మెల్లమెల్లగ తెరచును. తొందరపడిన ఇంజను ఆగును. క్లీనరు మరల పిడి త్రిప్పవలెను. ఆ గ్యాసులో మండు పదార్థము ప్రధానముగ కార్బన్ మోనాక్సైడు, అనగా వాసనలేని విషము. మూసిన షెడ్డులో ఆ పిడిత్రిప్పిన పిల్లవాండ్రకు కలిగిన తలనొప్పులను, వాంతులను, అంతకు మించిన ఆపదలను బస్సుల చరిత్ర వ్రాయువారు విస్మరింపరాదు.

ఇక మానిఫోల్డు సంగతి. డెల్టాలో ప్రధానకాలువ చీలి పిల్లకాలువలై చేలకు నీరందించునట్లు, కార్బురేటరునుండి వచ్చు మిశ్రమమును సిలిండరు సిలిండరుకు పంచునది మానిఫోల్డు. ఆనాటి ఆరు సిలిండర్ల షెవర్లే ఇంజనులో ఈ గొట్టమును, పొగగొట్టమును ఒకే ప్రక్కన నొకదానికొకటి బోల్టులతో బిగించి, కార్బురేటరు క్రింది భాగమునకు పొగవేడి తగులునట్లు ఏర్పాటు చేసియుండిరి. చలిదేశమున పెట్రోలు బిందువులు గొట్టపు గోడలకు అంటుకొనక ఆవిరియగుటకు ఆ వేడి కావలెను. కాని గ్యాసు స్వభావముచేతనే వాయువు. దానికి ఆవిరికావలసిన పని లేదు. వేడి తగిలినకొలది అది వ్యాకోచించి పలుచబడి, సిలిండరులో పట్టవలసిన బరువు పట్టకుండును. 40 డిగ్రీల మిశ్రమము గొట్టములో 80 డిగ్రీలకు వేడెక్కినచో దాని సాంద్రత నూటికి 11 పాళ్ళు తగ్గును. ఇంజను బలమును ఇంచుమించు అంతయే తగ్గును.

అసలే ఆ గ్యాసు బలహీనమైనది. అందులో సగమునకు పైగ నిష్ప్రయోజనమైన నత్రజని. పెట్రోలు ఆవిరి సిలిండరులో ఆక్రమించు చోటు స్వల్పము. ఈ గ్యాసుకు దాదాపు దానితో సమానమైన గాలిని కలుపవలసియుండుటచే సిలిండరులో సగము చోటు గ్యాసుకే పోవును. మార్పులేవియు చేయక, కంపెనీ మానిఫోల్డుకే వాల్వును తగిలించి నడపిన ఇంజను తన బలములో నూటికి 40 మొదలు 50 పాళ్ళవరకు కోల్పోవును. 85 అశ్వశక్తుల షెవర్లే నలుబదియైదు, ఏబదికి దిగజారు నన్నమాట. ఇట్టి దారిద్ర్యమున నూటికి పదునొకటి యల్పము కాదు. పొగగొట్టమునుండి వేరుచేసి, లోపలి వెడల్పును పెంచి, వంపులను తగ్గించి వెల్డింగుతో కట్టిన మానిఫోల్డు ఆ పోయినదానిలో కొంత రాబట్టును. స్పార్కును ముందునకు జరుపుట మరికొంత రాబట్టును, ఏలయన ఈ గ్యాసు నెమ్మదిగ మండును. స్పార్కును జరుపుటకు దాదాపుగ ఖర్చు లేదు. హెడ్డును చెక్కి కంప్రెషనును పెంచుట అన్నిటికంటె ఫలప్రదము గాని, అట్లు చెక్కిన హెడ్డు మరల పెట్రోలు దొరికిననాడు ఇంజనును కొట్టించి చంపును. కనుక వెనుకకు తిరుగు దారిని మూయక బలము నిచ్చు మార్పులలో మానిఫోల్డుకే అగ్రస్థానమీయవలెనని నేననుకొందును.

అయినను ఫలమును నిర్ణయించునది నేల. ఏలూరునుండి దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు మీదుగ తాడేపల్లిగూడెమునకు సుమారు 30 మైళ్ళ గ్రాండుట్రంకు రోడ్డు కొల్లేటికి ఎగువగ చాలవరకు సమతలముగ పోవును. కాలువ వంతెనల ఎత్తులు తప్ప చెప్పదగిన ఎక్కుడు లేదు. ఇట్టి దారిలో బలహీనమైన బస్సు ఆలస్యముగ చేరును గాని చేరును. అచ్చట మానిఫోల్డుకు పెట్టిన సొమ్ము పది నిమిషములను కొనుటకే. చింతలపూడి, జంగారెడ్డిగూడెము మెట్టదారులలో మాత్రము ఆ నూటికి పదునొకటి పాళ్ళు లేకున్న బస్సు ఎక్కుడునడుమ నిలిచిపోవును, ప్రయాణికులు దిగి త్రోయవలసివచ్చును. బొగ్గుబస్సులెక్కిన తరమువా రందరును ఈ త్రోపును చెప్పుకొనెడివారు. మరియొక విశేషము: స్వీడనువాడు వేడిని తొలగించిన చలివేళ పెట్రోలుతో ఇంజను లేపుటకు కష్టపడును, మన ఏలూరు ఎండలో ఆ భయము లేదు. ఇదే పని ఆ చలిదేశపువారికంటె మనకు చౌకగ ఫలించెడిది.

లీటరు పెట్రోలు చేయు పనికి ఇంచుమించు కిలోన్నర బొగ్గు కావలెను. మెట్టలోని అడవులు సమీపముననే యుండుటచే మన సీమకు బొగ్గు కరవు పెద్దది కాదు. పెద్ద కష్టము బూడిద. నారతోను గుడ్డతోను వడకట్టినను సన్నని ధూళి మిగిలి, మానిఫోల్డు గోడలపై తారుతో కలిసి నల్లగ పేరుకొనును; లోపలికి పోయినది పిస్టను రింగులను అరగదీయును. గొట్టమునకు సొమ్ము ఖర్చుపెట్టి వడపోతను నిర్లక్ష్యము చేసిన యజమాని ఆ ఖర్చును రెండింతలుగ బోరింగు పనికి చెల్లించుకొనవలసినదే. వానకాలమున తడిసిన బొగ్గు ఈ తారును మరింత పెంచును.

ఆ దినములలోనే తాడేపల్లిగూడెమున యుద్ధవిమానములకై రన్‌వే వేసిరి. దాని ఆనవాళ్ళు నేటికిని మిగిలియున్నవి. ఆకాశమున తిరుగు యంత్రములకు శ్రేష్ఠమైన పెట్రోలు సముద్రములు దాటి వచ్చుచుండ, ఆ ప్రక్కరోడ్డుపైననే రైతులను, గుమాస్తాలను, విద్యార్థులను మోసిన బస్సు అడవికట్టె బూడిదను గ్రక్కుచు నడచెను. ఆ సంవత్సరములలో ఊరికి ఊరికి రాకపోకలు తెగకుండ కాపాడినది ఆ బూడిదబస్సే యని కృతజ్ఞతతో చెప్పవలసియున్నది.

యుద్ధము 1945లో ముగిసినను పెట్రోలు రేషను వెంటనే తొలగలేదు. తొలగిననాడు డ్రమ్ములు తుక్కుదుకాణములకు చేరెను. తరువాతి దశాబ్దమున అశోక్ లేలాండు, 1954 నుండి టాటా మెర్సిడిస్ బెంజి డీజిలు వాహనములు వచ్చుటతో మానిఫోల్డు ప్రశ్నయే రూపు మారినది. డీజిలు ఇంజను మానిఫోల్డులో ప్రవహించునది గాలి మాత్రమే. నూనె నేరుగ సిలిండరులోనికి చిమ్మబడును. పంపును, నాజిలును ముట్టక గొట్టమును మాత్రము పెద్దది చేసిన రాబట్టునది స్వల్పము. పెట్రోలు కారుకైనను, పొట్టి వెడల్పు గొట్టము ఎక్కువ తిరుగుడులో బలమిచ్చి తక్కువ తిరుగుడులో లాగుడును హరించును. ఏలూరు పాతబస్తీ సందులలో కావలసినది తక్కువ తిరుగుడులోని లాగుడే గనుక కంపెనీ గొట్టమును ముట్టవలదని నా సలహా. కొల్లేటి చేపలచెరువుల గట్లపై రేయింబవళ్ళు నీరు తోడు డీజిలు ఇంజన్లవారు మానిఫోల్డును తలపోయక, గాలి వడపోతను వారమునకొకసారి విప్పి కడిగి, అరిగిన నాజిలును సకాలమున మార్చుకొన్నచో, ఆ సొమ్ము ఆ పంటకాలములోనే నూనెఖర్చు తగ్గి తిరిగివచ్చును.