వానపాము: మైనపు పళ్లెం నుంచి చల్క నేల దాకా

ప్రస్తావన

మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేట్ మండలంలోని లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళ్లి, ఏ చెట్టు నీడలోనో పొలం గట్టు మీద వంగి చూడండి. తడి ఎర్రమట్టి మీద సన్నని ఉండలు పేర్చినట్టు చిన్న కుప్పలు కనిపిస్తాయి. ఊళ్లో ఎవరినడిగినా ‘ఎర్రలు పోసిన మట్టి’ అని చెబుతారు. గాలానికి గుచ్చే ఎర్ర, పాఠ్యపుస్తకంలోని వానపాము ఒకటే. ఈ ఊరికి ఒక పక్క జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలున్నాయి, మరో పక్క పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఆ కుప్పల వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

వానపాము దేహ నిర్మాణం మీరు జంతుశాస్త్రంలో చదివే ఉంటారు. ఈ భాగంలో మనం పరిశీలించేది వేరు: వానపాము నేలకు ఏం చేస్తుందన్న సంగతి మనకు ఎలా తెలిసింది, ఆ తెలివి మన నేలకు ఎంతవరకు అక్కరకొచ్చింది? చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి. ‘వానపాము’ అనే ఒక్క మాటతో మనం ఎన్ని వేర్వేరు జీవులను పిలుస్తున్నాం?

సుద్దముక్కల లెక్క

పంట తోటలను పాడుచేసే పురుగుగానే ఐరోపా తోటమాలులు వానపామును చాలాకాలం చూశారు. ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు 18వ శతాబ్దంలోనే దాని మేలు గురించి రాసినా ఆ మాట పెద్దగా ఎవరికీ పట్టలేదు. బీగిల్ నౌకాయానం ముగించి వచ్చిన చార్లెస్ డార్విన్‌కు మేనమామ జొసయా వెడ్జ్‌వుడ్ తన పొలంలో ఒక వింత చూపించాడు. కొన్నేళ్ల కింద నేలపై పరచిన సున్నం, బొగ్గు కసవు ఇప్పుడు గడ్డి కింద కొన్ని అంగుళాల లోతున ఉన్నాయి. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చిపోయడమే కారణమని మామ ఊహ. డార్విన్ దాన్ని 1837 నవంబరు 1న లండన్ జియలాజికల్ సొసైటీలో వ్యాసంగా చదివాడు.

అంతటితో ఆగి ఉంటే అది ఊహగానే మిగిలేది. 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పొలంలో ఆయన సుద్దముక్కలు చల్లించాడు. 29 ఏళ్లు ఆగి, 1871 నవంబరులో అక్కడ కందకం తవ్వించాడు. 7 అంగుళాల లోతున తెల్లని ముక్కల వరస బయటపడింది! ఈలోగా, 1869లో, ఫిష్ అనే తోటపని రచయిత ఇంత బలహీనమైన జీవి అంత పని చేయలేదని వాదించాడు. 1881లో వచ్చిన పుస్తకంలో డార్విన్ జవాబు కూడికతోనే ఇచ్చాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల పొట్టలగుండా పోతుందని లెక్క కట్టాడు. ఆ పుస్తకంలో మన నీలగిరి కొండల్లో సేకరించిన వానపాము కుప్ప బొమ్మ కూడా ఉంది. ఇండియాలోని బొటానికల్ గార్డెన్ అధికారుల ద్వారా ఆయన ఇలాంటి వివరాలు తెప్పించుకున్నాడు. డార్విన్ గొప్పతనం పరిణామ సిద్ధాంతంతోనే మొదలై దానితోనే ముగుస్తుందని అనుకునేవారు ఈ చిన్న పుస్తకం గురించి తప్పక తెలుసుకోవాలి.

అయితే ఆ లెక్క తడి నేలలది, దున్నని పచ్చికబయళ్లది. దీన్ని మనవాళ్లు తరచుగా మరచిపోతారు.

మైనపు పళ్లెంలో, ఆ తర్వాత తొట్టెలో

ఇండియాలో వానపాము ముందుగా ప్రయోగశాలలోకి వచ్చింది. జె. స్టీఫెన్సన్ 1923లో ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ వరసలో ఇక్కడి జాతుల జాబితా ప్రచురించాడు. లక్నో విశ్వవిద్యాలయానికి చెందిన కర్మ్ నారాయణ్ బహల్ 1926లో ఫెరెటిమా మీద రాసిన గ్రంథం తరతరాల విద్యార్థులకు ఆధారమైంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో మైనపు పళ్లెంలో వానపామును గుండుసూదులతో పరచి నెఫ్రీడియాలు వెతికినవాణ్నే. ఇన్ని ఖండితాలు, ఇన్ని హృదయాలు అని అప్పజెప్పేవాళ్లం. అది నేలలో ఏం చేస్తుందన్నది మాత్రం ‘రైతు మిత్రుడు’ అనే రెండు మార్కుల ప్రశ్న. ఆ ఫెరెటిమా పోస్థుమాకు 1972లో వర్గీకరణ శాస్త్రవేత్తలు మెటాఫైర్ అని పేరు మార్చారు. పాత పేరు మన పరీక్ష పత్రాల్లో చాలా ఏళ్లు బతికింది.

సేంద్రియ ఎరువుల చరిత్రలో ఆల్బర్ట్ హోవార్డ్ పేరు మీరు వినే ఉంటారు. 1924 నుంచి 1931 వరకు ఇందోర్‌లో పనిచేసి, పంట వ్యర్థాలతో కంపోస్టు చేసే ఇందోర్ పద్ధతిని రూపొందించాడు. ఆ కుప్ప లోపల పుట్టే వేడికి వానపాము బతకదు, చల్లారాకే వస్తుంది. అయినా డార్విన్ పుస్తకాన్ని 1945లో తిరిగి వేసినప్పుడు పీఠిక రాసింది హోవార్డే.

వానపామునే ఎరువు తయారీకి పనిలో పెట్టడం 1980, 90ల నాటి సంగతి. రసాయన ఎరువుల ఖర్చు పెరిగి, నేలల్లో సేంద్రియ పదార్థం తగ్గుతోందన్న ఆందోళన బలపడిన కాలం అది. ఇక్కడికి దగ్గరి ఉదాహరణ రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లి. 1999లో పటాన్‌చెరు ఇక్రిశాట్, ఇతర సంస్థలు కలిసి అక్కడ ఆదర్శ వాటర్‌షెడ్ ప్రారంభించాయి. అందులో భాగంగా మహిళా సంఘాల సభ్యులు వర్మీ కంపోస్టు తయారీ చేపట్టారు. పొలాల్లో బెడదగా మారిన వయ్యారిభామ మొక్కను సైతం ఎరువుకు వాడారు. కూలి డబ్బు తప్ప వేరే ఆదాయం లేని ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇక్కడే చిక్కు ఉంది. తొట్టెల్లో పెంచే ఐసీనియా ఫెటిడా సమశీతోష్ణ దేశాల జాతి, యూడ్రిలస్ యూజీనియే పశ్చిమ ఆఫ్రికాది. రెండూ పేడ, చెత్త పొరల్లో ఉండే జీవులు. మట్టిని తిని బొరియలు తవ్వవు. ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెల్ బూషే 1970లలో ఈ తేడాను స్పష్టంగా చెప్పాడు. కొన్ని జాతులు పైనున్న చెత్తలో బతుకుతాయి, కొన్ని మట్టి లోపల అడ్డంగా తిరుగుతాయి, కొన్ని నిలువు బొరియలు తవ్వి పైన ఆకులను లోపలికి లాక్కుంటాయి. తొట్టె ఎరువు మంచిదే. కానీ కిలోల లెక్కన పురుగులు కొని ఎర్రనేలలో వదిలితే ఎండకు చచ్చిపోతాయి. ఆ తప్పు చేసిన రైతులను నేను చూశాను. వాళ్లకు చెప్పినవాళ్ల తప్పు అంతకంటే పెద్దది.

చల్కలో

లాల్‌గడి మలక్‌పేట్ పరిసరాల చల్క నేల గ్రానైటు రాయి అరిగి ఏర్పడినది. ఇసుక ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వాన వెలిసి ఎండ రాగానే పైన గట్టి పెంకు కడుతుంది. తర్వాతి వాన నీరు లోపలికి ఇంకకుండా వాగులోకి పోతుంది. అలాంటి నేలలో నీరు దిగే దారి వానపాము బొరియ. తెలంగాణ ఎర్రనేలల్లో కనిపించే లాంపిటో మౌరిటీ, ఆక్టోకీటోనా జాతులు ఈ పని చేసేవి. ఎండాకాలంలో ఇవి లోతుకు దిగి, ముడుచుకుని, వాన వచ్చేదాకా నిద్రావస్థలో ఉంటాయి. అందుకే ఏప్రిల్‌లో తవ్వి వానపాములు లేవనడం సరైన పరిశీలన కాదు. ఆ నెలల్లో ఆకులలాలను మట్టిలో కలిపే పని చాలావరకు చెదలది. డార్విన్ దేశంలో ఆ పనివాళ్లు లేరు.

పూర్వం ఎండాకాలంలో చెరువు పూడిక మట్టిని బండ్లతో చేలకు తోలేవారు. ఆ జిగురు మట్టి చల్కకు తేమ పట్టే గుణం ఇచ్చేది. డార్విన్ సుద్దకు ఇది మన జోడీ, కాకపోతే మన చేలలో ఎవరూ కందకం తవ్వి కొలవలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతతో ఆ మట్టి చాలా ఊళ్లలో మళ్లీ చేలకు చేరింది. మరోవైపు, ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట్ ప్రాంతంలో నీళ్లు అడుగంటాయి, భూమి ధర పెరిగింది, తోటలు పోయాయి. ప్లాటు చదును చేసే యంత్రం మొదట గీకేసేది పైనున్న మట్టినే. వానపాములుండేది అందులోనే. కార్బోఫ్యూరాన్ వంటి గుళికల మందు కూడా వాటికి విషమే.

క్షేత్ర కృత్యం

తొలకరి తర్వాత రెండో వాన పడిన మర్నాడు, ఎండ ముదరకముందే, మీ ఊళ్లో మూడు చోట్లు ఎంచుకోండి: దున్నని గట్టు, దున్నిన చెలక, ఇళ్ల కోసం చదును చేసిన జాగా. ప్రతిచోటా నాలుగు పుల్లలు, నూలుదారంతో ఒక చదరపు మీటరు హద్దు కట్టి, అందులోని మట్టి కుప్పలు లెక్కపెట్టండి. కుప్పలను సేకరించి, ఆరబెట్టి, తూకం వేసి తేదీతో రాసుకోండి. వారం తర్వాత అదే హద్దులో మళ్లీ చేయండి. ఆ చేను గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల చిన్నప్పుడు గాలానికి ఎర్రలు ఎక్కడ తవ్వేవారో, ఇప్పుడు అక్కడ ఏముందో కూడా పక్కనే రాయండి.