హేగు న్యాయస్థానపు మధ్యకాలపు టుత్తర్వులు

పొలముగట్టు తగవు కోర్టులో నడుచుచుండగనే ప్రతివాది గట్టుమీది చెట్లను నఱికించివేసినచో, పిమ్మట డిక్రీ వచ్చినను వాదికి మోళ్లే మిగులును. అందుచేతనే ఇంజంక్షను అను ఉపాయ మేర్పడినది. శ్రోతలారా! రాజ్యముల నడుమ తగవులకును ఇట్టి యుత్తర్వు కలదు. 1922లో హేగు నగరమున ఆరంభమైన అంతర్జాతీయ న్యాయస్థానము, 1927లో బెల్జియమునకును చీనాకును కలిగిన వివాదమున దీనిని మొదటిసారి ప్రయోగించెను. 1946లో దాని స్థానమున వెలసిన నేటి న్యాయస్థానమునకును అదే యధికారము సంక్రమించినది.

అయితే ఈ యధికారము నిచ్చు 41వ నిబంధనలో "ఆజ్ఞాపించుట" యను మాట లేదు. "సూచించుట" యని మాత్రమే యున్నది. సూచన యనగా ఆజ్ఞయా, హితవా? పండితులు డెబ్బదేండ్లకు పైగా దీనిని గూర్చి వాదించుకొనిరి. 1951లో ఇరాను, 1973లో ఫ్రాన్సు ఇట్టి యుత్తర్వులను త్రోసిపుచ్చినవి. హేగు న్యాయస్థానమునకు జప్తుచేయుటకు అమీను లేడు గదా!

1999లో ఒక మనుష్యుని ప్రాణమే యీ మాటపై నిలిచెను. వాల్టరు లగ్రాండు, అతని సోదరుడు కార్లు జర్మనీ పౌరులు. 1982లో అమెరికాలోని అరిజోనాలో బ్యాంకు దోపిడికి పోయి, అచటి మేనేజరును చంపిన నేరమునకు వారికి మరణశిక్ష పడెను. నేరము ఘోరమే, దానిని తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. కాని పరదేశీయుని నిర్బంధించినపుడు, స్వదేశపు కాన్సలుతో మాటలాడు హక్కు కలదని వానికి వెంటనే తెలుపవలెనని 1963 నాటి వియన్నా ఒడంబడిక విధించుచున్నది. వారి కట్లు తెలుపబడలేదు. జర్మనీ ప్రభుత్వమునకు సంగతి తెలియుసరికి 1992 వచ్చెను.

1999 ఫిబ్రవరి 24న కార్లునకు శిక్ష అమలు జరిగెను. మార్చి 2 సాయంకాలమున జర్మనీ హేగులో దావా వేసెను. మఱునాడే, ఉభయపక్షముల వాదము లాలించుటకైనను వ్యవధి లేక, తుది తీర్పు వచ్చువఱకు వాల్టరును చంపకుండ చేతనైన యత్నములన్నియు చేయవలెనని న్యాయస్థానము అమెరికాకు ఉత్తర్వు పంపెను. అట్టి యుత్తర్వునకు తాము బద్ధులము కామని అమెరికా ప్రభుత్వ న్యాయవాది తమ సుప్రీముకోర్టుకు వ్రాసెను. ఆ దినముననే వాల్టరును విషవాయువుతో చంపిరి.

జర్మనీ దావాను విడువలేదు. 2001 జూన్ 27న తీర్పు వెలువడెను. ఇంగ్లీషు పాఠమున "తీసికొనదగిన" చర్యలని మెత్తగా నున్నదానిని ఫ్రెంచి పాఠము "తీసికొనవలసిన" చర్యలని గట్టిగా చెప్పుచున్నది. రెండును సమాన ప్రమాణములు. అవి పొసగనపుడు శాసనోద్దేశమును చూడవలెను. తీర్పు వ్యర్థము కాకుండ కాపాడుటయే ఆ యుద్దేశము గావున, ఇట్టి యుత్తర్వులకు రాజ్యములు బద్ధములే యని న్యాయస్థానము నిర్ణయించెను.

ఈ నిర్ణయము మన దేశమునకును అక్కఱకు వచ్చినది. పాకిస్థాను సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించిన కులభూషణ్ జాదవ్ విషయమై 2017 మే 8న భారతదేశము హేగునకు పోయెను. పది దినములలో ఉత్తర్వు వచ్చెను, శిక్ష నిలిచెను. 2019 జూలై 17 నాటి తుది తీర్పు, కాన్సలును కలియనీయకపోవుట ఒడంబడికకు విరుద్ధమని చెప్పి, శిక్షను పునర్విమర్శింపవలసినదిగా పాకిస్థానును ఆదేశించెను. ఆ తీర్పు వెలువడిన నాటికి జాదవ్ సజీవుడై యుండెను.