పోపుల డబ్బాలో పుస్తకాల డబ్బు



మొన్నామధ్య ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అలా కూర్చున్నానో లేదో, ఎదురింటి వదినగారు ఇంటిపన్ను లెక్క చేత పట్టుకుని వచ్చారు. "చూడండి, పన్ను సరే, కింద ఇదేదో గ్రంథాలయం సెస్సుట! మా ఇంట్లో ఎవరూ లైబ్రరీ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. ఈ డబ్బు ఎవరికండీ?" అన్నారు. ఆవిడ ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోతే నూట పాతికేళ్ల కథ అయింది. ఆ కథే ఈవేళ మీతో ముచ్చటించాలని వచ్చాను.

ముందు లెక్క చెప్పుకుందాం. మన రాష్ట్రంలో ఇంటిపన్ను ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పన్ను 5,000 రూపాయలైతే దానిమీద 400 రూపాయలన్నమాట. మా నల్లగండ్లలో ఇప్పుడు ఎటు చూసినా పెద్ద పెద్ద అపార్టుమెంట్లే. అలాంటి ఒక్క సముదాయంలో 500 ఇళ్లున్నాయనుకోండి, ఇంటికి 400 చొప్పున ఏడాదికి 2 లక్షలు. పుస్తకం 200 రూపాయలనుకున్నా వెయ్యి పుస్తకాలు! ఏటా ఒక్క ఆవరణ నుంచే వెయ్యి పుస్తకాల డబ్బు వెళ్తోంది. మరి మనకు దగ్గరలో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో చెప్పమని మా మెట్లమీద కూర్చున్న ఆడవాళ్లను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నాతో సహా అనుకోండి.

ఈ పన్ను ఎందుకు పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1891లో అసఫియా గ్రంథాలయం స్థాపించింది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున చూసే ఉంటారు, ఆ రాజప్రాసాదం లాంటి భవనం 1936 నాటిది. నేటి మన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. ఖజానా పెట్టిన గ్రంథాలయం గనుక దానికి లోటు లేదు. కాని ఆ రోజుల్లో అక్కడ ప్రాధాన్యమంతా అరబ్బీ, పారశీకం, ఉర్దూ గ్రంథాలకే. తెలుగు చదువుకునేవాడికి చోటేదీ? అంచేత తెలుగువాళ్లు తమ చోటు తామే ఏర్పరచుకున్నారు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు దానికి అండ. సుల్తాన్‌బజారులో ఆ నిలయం నేటికీ ఉంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది.

కోస్తా జిల్లాల్లోనూ అంతే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి జీవితమే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టించి పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ వెంట పల్లెపల్లెకూ తిప్పించారు. వినడానికి కథలా లేదూ! రేవులో పడవ ఆగితే ఊళ్లోవాళ్లు వచ్చి పుస్తకాలు మార్చుకునేవారు.

ఇవన్నీ ఎవరి డబ్బుతో నడిచాయంటారు? చందాలు, విరాళాలు, దాతల ఔదార్యం. అందులో గొప్పదనమూ ఉంది, ఇబ్బందీ ఉంది. దాత బతికున్నన్నాళ్లూ దీపం వెలుగుతుంది. ఆ పెద్దమనిషి పోయాక, లేదా పంట పోయిన ఏడాది, పత్రికల చందా ఎవరు కడతారు? బీరువాలో పుస్తకాలకు చెద పట్టకుండా ఎవరు చూస్తారు? ఈ బాధ ఎరిగినవారు గనుకనే మన పెద్దలు ఒక్కటే మాట పట్టుకున్నారు: గ్రంథాలయానికి దయ కాదు, హక్కు కావాలి, చట్టం కావాలి.

చట్టం చేసేస్తే సరిపోతుందా? అక్కడ ఇంగ్లండు కథ ఒకటి చెప్పాలి. ఆ దేశంలో 1850లో గ్రంథాలయ చట్టం చేసి, పురపాలక సంఘాలు ఆస్తి విలువలో పౌనుకు అరపెన్నీ పన్ను వేసుకోవచ్చునన్నారు. తమాషా ఏమంటే, ఆ డబ్బుతో భవనం కట్టవచ్చు, జీతం ఇవ్వవచ్చు, పుస్తకాలు మాత్రం కొనరాదు! పుస్తకాలు ఎవరో ఒకరు దానమిస్తారులెమ్మని వాళ్ల ధీమా. పొయ్యి కట్టించి గిన్నెలు కొనిచ్చి, బియ్యం మాత్రం పక్కింట్లో అడిగి తెచ్చుకోమన్నట్లు లేదూ? 1855లో ఆ పన్నును ఒక పెన్నీ చేసి పుస్తకాలు కొనడానికి ఒప్పుకున్నారు. అయితే ఆ పెన్నీ హద్దు 1919 దాకా కదల్లేదు. ధరలు పెరిగినా పెన్నీ పెన్నీయే. అమెరికాలోని కార్నెగీ అనే కోటీశ్వరుడు ఊరూరా గ్రంథాలయ భవనాలకు డబ్బు ఇచ్చాడు గాని, చాలాచోట్ల ముందే ఒక షరతు పెట్టేవాడు: నేనిచ్చిన దాంట్లో పదోవంతు మీరు ఏటా నిర్వహణకు ఖర్చు పెడతామంటేనే ఇస్తాను అని. వ్యాపారం తెలిసిన మనిషి. భవనం ఒకసారి ఖర్చు, పుస్తకం నిత్యం ఖర్చు అని ఆయనకు తెలుసు. ఈ సంగతి మన ఇల్లాళ్లకు వేరే చెప్పాలా! ఫ్రిజ్జు ఒకసారి కొంటాం, పాలు రోజూ కొనాలి.

మన దేశంలో ఈ సూక్ష్మాన్ని పట్టుకున్న మహనీయుడు ఎస్.ఆర్. రంగనాథన్. ఆయనా, ఆయన మిత్రులూ ఏళ్ల తరబడి పోరాడగా మద్రాసు రాష్ట్రంలో 1948లో గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో అదే మొదటిది. దానికింద ఇంటిపన్ను రూపాయికి ఆరు పైలు, అంటే అర్ధణా గ్రంథాలయానికి తీసి పెట్టాలి. మద్రాసు నగరంలో తప్ప తక్కిన జిల్లాల్లో వసూలైనంత డబ్బు ప్రభుత్వం కూడా కలపాలి. నువ్వొక రూపాయి వేస్తే నేనొక రూపాయి వేస్తానన్నట్లు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనివే గదా, వాటికీ ఆ చట్టమే. ఇటు హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం చేశారు. 1956లో రెండు ప్రాంతాలూ ఒకటయ్యాక, రెంటి బదులు 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, ఇంటిపన్నుమీద సెస్సు ఆ చట్టం పెట్టినవే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఆ పద్ధతే ఇక్కడా కొనసాగింది.

సెస్సు అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. నెల మొదట్లో ఇంటికి జీతం వస్తుంది. అందులోంచి పిల్లవాడి ఫీజుకని కొంత తీసి మనం పోపుల డబ్బాలో దాస్తాం. ఎందుకంటే, ఉమ్మడిగా ఉంచితే పాలకీ, గ్యాసుకీ, వచ్చే పోయే చుట్టాలకీ అయిపోతుందని మనకు తెలుసు. సెస్సు కూడా అలా పక్కన దాచిన డబ్బు. బడ్జెట్టులో లోటు వచ్చిందని మంత్రిగారు పద్దులు కోసుకున్నా, పుస్తకాల డబ్బు కోతకు అందకూడదని ఆ పెద్దలు దానిని విడిగా పెట్టారు. ఎంత ముందుచూపు!

మరి పోపుల డబ్బా ఎవరి దగ్గర ఉంది? అక్కడే వచ్చింది చిక్కు. సెస్సు ఖర్చు పెట్టవలసింది గ్రంథాలయ సంస్థ. వసూలు చేసేది మాత్రం పురపాలక సంఘాలూ, కార్పొరేషన్లూ, పంచాయతీలూ. ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసి, దాని వాటా దానికి పంపాలని చట్టం. కాని నెలాఖరుకు పారిశుధ్య సిబ్బంది జీతాలు నిలుచుని ఉంటాయి, కాంట్రాక్టరు బిల్లులు ఉంటాయి, వీధి దీపాల కరెంటు బిల్లు ఉంటుంది. పెట్టెలో ఉన్న డబ్బు ఇదే. "లైబ్రరీవాళ్లకు వచ్చే నెల పంపుదాం లెండి" అంటారు. వచ్చే నెలకు ఇంకో అవసరం. ఇలా బకాయి మీద బకాయి పేరుకుంటుంది. ఈ బకాయిల వార్త మన పత్రికల్లో ఏటేటా కనిపించేదే. హైదరాబాదుకు అంతా ఇంతా కాదు. జిల్లాల్లో పంచాయతీలదీ అదే కథ.

నేనెవరినీ దొంగలనడం లేదు. చెత్త ఎత్తకపోతే ఊరు కుళ్లిపోతుంది, నిజమే. కాని ఒక్కటి గమనించండి. నీళ్లు రాకపోతే బిందెలు పట్టుకుని రోడ్డెక్కుతాం. చెత్త తీయకపోతే ఫోటో తీసి పంపుతాం. గ్రంథాలయానికి ఈ ఏడు కొత్త పుస్తకాలు రాకపోతే? ఎవరూ అరవరు. లోటు వచ్చినప్పుడు కత్తెర ఎప్పుడూ అరవని చోటే పడుతుంది. ఇంట్లో మాత్రం, సర్దుబాటు చేయవలసి వస్తే ముందు మానేది ఇల్లాలి చీర కాదూ?

ఇంకో నష్టం కూడా ఉంది. కలకత్తాలో కేంద్ర ప్రభుత్వం 1972లో నెలకొల్పిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ రాష్ట్రాలకు పుస్తకాల కోసం సాయం చేస్తుంది. అందులో ఒక పద్ధతి ప్రకారం రాష్ట్రం తన వాటా వేస్తేనే కేంద్రం వాటా వస్తుంది. ఇక్కడ రూపాయి నిలిచిపోతే అక్కడి నుంచి రావలసిన రూపాయి కూడా నిలిచిపోతుందన్నమాట.

ఈ నష్టం నేను కంటితో చూశాను. నా చదువు పదో తరగతితో ఆగింది. పెళ్లయిన కొత్తలో మేమొక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. పేరెందుకు లెండి. అక్కడ అద్దె ఇంట్లో ఒక శాఖా గ్రంథాలయం. సాయంత్రం పిల్లను చంకనేసుకుని వెళ్లి నవల మార్చుకుని వచ్చేదాన్ని. చరిత్ర పుస్తకం చేత్తో పట్టుకున్నది మొదటిసారి అక్కడే. నేనీవేళ రేడియోలో నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నానంటే ఆ రెండు గదుల చలవ. కొన్నాళ్లకు అక్కడ వారపత్రికలు రావడం మానేశాయి. తరవాత నెలలకు కొత్త నవలలు లేవు. గ్రంథపాలకుడుగారు పెద్దాయన, తన జేబులోంచి ఒక దినపత్రిక తెప్పించి బల్లమీద పరిచేవారు. "పై నుంచి డబ్బు రాలేదమ్మా" అనేవారు. అప్పుడు పై అంటే ఎక్కడో నాకు తెలియదు. ఆ డబ్బు మా ఇంటాయన కట్టిన పన్నులోనే ఉందనీ, పై నుంచి కాదు, మా గుమ్మం నుంచే వెళ్లిందనీ తెలిస్తే అప్పుడే అడిగేదాన్నేమో.

"ఇప్పుడు ఫోనులో అన్నీ ఉన్నాయి గదండీ, లైబ్రరీ ఎవరికి కావాలి?" అంటారేమో. మీకూ నాకూ అక్కర్లేకపోవచ్చు. ఒకసారి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలతో కిటకిటలాడుతూ ఉంటుంది. జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ఉండే ఆ పిల్లలకు, ఫ్యాను కింద ఒక కుర్చీ, బల్లమీద ఒక పుస్తకం, పగలంతా నిశ్శబ్దం ఎవరిస్తారు? మన అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు ఎక్కడ కూర్చుని చదువుకుంటుంది? మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కొడుకు?

మా నల్లగండ్ల ఒకప్పుడు చెరువూ, రాళ్లగుట్టలూ ఉన్న పల్లె. 1974లో పక్కనే కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1998లో అటు మాదాపూరులో సైబర్ టవర్స్ వెలిసింది. తరవాత కంపెనీలొచ్చాయి, మనమొచ్చాం. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగరంలో కలిసింది. రోడ్లు వెడల్పయ్యాయి, పన్ను పెరిగింది, దానితో సెస్సూ పెరిగింది. ఇంత డబ్బు కట్టే ప్రాంతం, నూట పాతికేళ్ల నాడు పరాయి ఇంటి గదిలో పుస్తకాలు పెట్టుకున్నవాళ్లకన్నా పేదదా?

మనమేం చేయగలం అంటారా? పెద్ద పనేమీ కాదు. ఈసారి పన్ను కట్టేటప్పుడు ఆ ఒక్క వరుసా చూడండి. సెస్సు ఎంత కట్టామో కాలనీ సంఘంలో అందరూ కలిపి రాయండి. వసూలైనదెంత, గ్రంథాలయ సంస్థకు పంపినదెంత, మన ప్రాంతానికి ఖర్చయినదెంత అని సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి. 2005 నుంచీ ఆ హక్కు మనకుంది. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలని అందులో ఉంది. కాగితం రాయడం రాకపోతే మీ పిల్లలు రాసిపెడతారు. సంతకం మాత్రం మీరు చేయండి.

మా వదినగారికి ఈ కథంతా చెప్పాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇది పన్ను కాదండీ, మనం దాచుకున్న డబ్బే" అన్నారు. అంతే. దాచిన డబ్బు ఎక్కడుందో అడగడం ఇల్లాలికి తెలియని విద్య కాదు.

సెలవు.