నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పితే

గిటార్ తీగ మీటితే వచ్చే నాదం స్వతహాగా సౌమ్యమైనది. దాని చేత గర్జన చేయించాలని మనుషులు పడ్డ పాట్లలో తెలివి ఎంత ఉందో మొండితనమూ అంత ఉంది. 1964లో లండన్‌లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్‌కి తన చిన్న ఆంప్లిఫయర్ శబ్దం మరీ మెత్తగా, శుభ్రంగా ఉందనిపించింది. బ్లేడు తీసుకుని స్పీకరు కాగితాన్ని చీల్చేశాడు. చిరిగిన కాగితం బరబరలాడుతూ మోగింది. 'యూ రియల్లీ గాట్ మీ' పాటకు ప్రాణం పోసింది ఆ బరబరే. అప్పటికి ఆ కుర్రాడికి 17 ఏళ్లు.

స్పీకర్లు చింపుకుంటూ పోతే ఎంతకాలం సాగుతుంది? ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి పనిచేయిస్తే చాలు, అదే ఫలితం వస్తుందని గిటారిస్టులు పసిగట్టారు. మోయలేనంత సంకేతం వచ్చి పడితే యంత్రం తరంగపు తలనీ తోకనీ కత్తిరించేస్తుంది. ఆ కోత నుంచే గరగర పుడుతుంది. అయితే మార్షల్ కంపెనీ ఆంప్లిఫయర్లను ఒకదానిమీద ఒకటి పేర్చి వాల్యూమ్ పూర్తిగా పెంచితే తప్ప ఆ నిండైన గర్జన రాలేదు. పెద్ద మైదానంలో కచేరీకి అది బాగానే ఉంటుంది. ఇంట్లో సాధన చేసుకునే పిల్లవాడి గతేమిటి? ఇరుగుపొరుగు ఊరుకుంటారా? కొండంత శబ్దాన్ని చిన్న పెట్టెలోకి ఎలా దించాలన్నది అప్పటి చిక్కుముడి.

దాన్ని విప్పే పనికి పూనుకున్నవాళ్లలో జపాన్‌లోని ఒసాకా వాళ్లున్నారు. ఇకుతారో కకెహాషి 1930లో ఆ నగరంలోనే పుట్టాడు. రెండేళ్ల వయసులో తల్లిదండ్రులిద్దరినీ క్షయ మింగేసింది. పెద్దయ్యాక అదే జబ్బు అతన్నీ ఏళ్ల తరబడి ఆసుపత్రి మంచానికి కట్టేసింది. ఆ మంచం మీదే రేడియోలు బాగుచేస్తూ గడిపాడు. స్ట్రెప్టోమైసిన్ అప్పటికి కొత్త మందు. దాన్ని ప్రయోగాత్మకంగా ఇవ్వడానికి ఎంచుకున్న రోగుల్లో అతని పేరు ఉండబట్టి బతికి బయటపడ్డాడు. ఆ పేరు ఆ జాబితాలో లేకపోతే ఈ కథే ఉండేది కాదు. 1972లో అతను స్థాపించిన రోలాండ్ కంపెనీకి ఆ మరుసటి ఏడాదే బాస్ అనే శాఖ మొలిచింది. 1977 నుంచి బాస్ వాళ్లు అరచేతిలో పట్టే లోహపు డబ్బాలు తయారుచేయసాగారు. కాలితో తొక్కితే గిటార్ గొంతు మార్చే పెడల్స్ అవి.

1983లో వచ్చిన పెడల్ పేరు హెచ్ఎం-2, హెవీ మెటల్. నల్లటి డబ్బా, దానిమీద నారింజరంగు అక్షరాలు. లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పైన వరసగా నాలుగు నాబ్‌లు. ఒకటి వాల్యూమ్‌కి, ఒకటి గరగర మోతాదుకి. మధ్యలో రెండింటికీ కలర్ మిక్స్ అని పేరు పెట్టారు. వాటిలో ఒకటి మంద్ర స్వరాలను, రెండోది పై స్వరాలను పెంచుతుంది. నిలువెత్తు మార్షల్ పేర్పు ఎలా మోగుతుందో ఈ డబ్బా అలా మోగాలన్నది తయారుచేసినవాళ్ల ఉద్దేశం. నాబ్‌లను మధ్యస్తంగా తిప్పి వాడుకుంటారని వాళ్ల అంచనా.

పెద్ద గిటారిస్టులు దాన్ని అసలు ముట్టుకోలేదని కాదు. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ కూడా 1980లలో వాడాడు. కానీ హెవీ మెటల్ అని పేరు పెట్టుకున్న ఆ పెడల్‌ని హెవీ మెటల్ ప్రపంచం నెత్తిన పెట్టుకోలేదు. కందిరీగల రొదలా ఉందని చాలామంది పక్కన పెట్టేశారు. ఆ ఇంజనీర్లు వెతికిన మార్షల్ గర్జన ఆ డబ్బాలో పూర్తిగా దొరకలేదన్నది నిజం. అందులో మరొకటేదో దాగి ఉంది. అది బయటపడాలంటే వేల మైళ్ల అవతల, చలిదేశంలో, దాన్ని తప్పుగా వాడే కుర్రాడొకడు కావాల్సి వచ్చింది.

1987లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కొందరు పదిహేను పదహారేళ్ల పిల్లలు నిహిలిస్ట్ అనే బ్యాండ్ పెట్టుకున్నారు. అమెరికాలో చక్ షుల్డినర్ నడిపిన డెత్ బృందం తొలి ఆల్బమ్ ఆ ఏడాదే వచ్చింది. గొంతు చించుకుని గర్జించే గానం, పిడుగుల్లాంటి డ్రమ్స్, మరణం చుట్టూ తిరిగే మాటలు. ఆ డెత్ మెటల్ అప్పట్లో రికార్డుల షాపుల కన్నా తపాలాలో దేశదేశాలు తిరిగే క్యాసెట్ల మీదే ఎక్కువగా పాకింది. నిహిలిస్ట్ పిల్లలకి ఆ పిచ్చి తలకెక్కింది. చేతిలో మాత్రం డబ్బులేదు, గొప్ప సరంజామా లేదు.

వాళ్లలో లీఫ్ కుజ్నర్ దగ్గర ఒక హెచ్ఎం-2, ఒక చిన్న పీవీ ఆంప్లిఫయర్ ఉండేవి. గిటార్ తీగల్ని బాగా వదులు చేసి శ్రుతిని కిందికి దించాడు. పెడల్ మీది నాలుగు నాబ్‌లనూ ఎంతవరకు తిరుగుతాయో అంతవరకూ తిప్పేశాడు. ఏ ఇంజనీరూ ఇవ్వని సలహా అది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టమూ ఇదే.

ఆ డబ్బాలోని సర్క్యూట్ మంద్రంలో వంద హెర్ట్జ్‌ల దరిదాపుల్లో ఒక శిఖరాన్ని, వెయ్యి హెర్ట్జ్‌ల చుట్టుపక్కల పక్కపక్కనే మరో రెండు శిఖరాలను లేపుతుంది. మితంగా వాడితే ఇవి శబ్దానికి రంగు అద్దుతాయి. అన్నీ చివరిదాకా తిప్పితే అడుగున నేల అదిరే మోత, పైన దుంగని కోస్తున్న మోటారు రంపం చప్పుడు ఒకేసారి పుడతాయి. వదులు చేసిన తీగల బరువు వాటికి తోడైంది. మెటల్ శ్రోతలు దాన్ని ఇప్పటికీ చెయిన్‌సా శబ్దమనే పిలుస్తారు. అడవుల దేశం కనక ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

కొంతకాలానికే కుజ్నర్ కుటుంబం కెనడాకి వెళ్లిపోయింది. అతను బ్యాండ్‌ వదిలేయక తప్పలేదు. నాబ్‌లు తిప్పిన తీరు మాత్రం మిగతావాళ్లకి దక్కింది. 1989లో నిహిలిస్ట్ చీలిపోగా మిగిలిన కుర్రాళ్లు ఎన్‌టూమ్డ్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో తొలి ఆల్బమ్ రికార్డింగ్‌కి కూర్చున్నారు. అక్కడి సౌండ్ ఇంజనీరు తోమస్ స్కోగ్స్‌బెర్గ్. మరొకరైతే ఆ రొదను విని ముందు పెడల్ తగ్గించమనేవారు. స్కోగ్స్‌బెర్గ్ దాన్ని సరిదిద్దాల్సిన లోపంగా చూడలేదు. ఆ రొదనే ఆల్బమ్‌కి వెన్నెముక చేశాడు. డ్రమ్స్ వాయించిన నికే ఆండర్సన్‌కి, పాడిన ఎల్.జి. పెత్రోవ్‌కి అప్పుడు పదిహేడేళ్లే.

'లెఫ్ట్ హ్యాండ్ పాత్' 1990లో ఇంగ్లండ్‌లోని ఇయరేక్ సంస్థ ద్వారా విడుదలైంది. ఆ శబ్దం వేగానికి మాత్రమే పనికొస్తుందనుకునేవాళ్లు టైటిల్ పాట చివరిదాకా వినాలి. 'ఫాంటాజమ్' అనే భయానక చిత్రపు బాణీని అక్కడ నింపాదిగా వాయిస్తారు. ఒక్కొక్క స్వరం బరువుగా దిగుతుంది, రంపపు అంచు మాత్రం మొండిబారదు. మరుసటి ఏడాది డిస్మెంబర్ బ్యాండ్ కూడా అదే స్టూడియోలో తన తొలి ఆల్బమ్ చేసుకుంది. ఆ తర్వాత స్వీడన్ కుర్రాళ్లంతా సన్‌లైట్ తలుపు తట్టారు.

సరిగ్గా ఆ 1991లోనే బాస్ కంపెనీ హెచ్ఎం-2 తయారీ ఆపేసింది. మెటల్ జోన్ అనే కొత్త పెడల్ దాని స్థానంలోకి వచ్చింది. స్టాక్‌హోమ్ నేలమాళిగల్లో ఏం జరుగుతోందో లెక్కల పుస్తకాల్లో కనిపించదు కదా.

ఇక వేట మొదలైంది. పాత డబ్బాల కోసం, అందులోనూ జపాన్‌లో తయారైన తొలి తరం వాటికోసం, గిటారిస్టులు సెకండ్ హ్యాండ్ షాపులు గాలించారు. ధరలు పెరిగాయి. చిన్నచిన్న తయారీదారులు సర్క్యూట్ విప్పి చూసి నకళ్లు చేశారు. ఆ శబ్దం సొంతదేశానికీ తిరిగొచ్చింది. జపాన్ బ్యాండ్ ఇంటెస్టైన్ బాలిజమ్ 1997లో తెచ్చిన 'యాన్ అనాటమీ ఆఫ్ ద బీస్ట్' వింటే స్టాక్‌హోమ్ ప్రభావం తెలిసిపోతుంది. టోక్యో బ్యాండ్ కాఫిన్స్ 1996లో మొదలై పాత తరహా డెత్ మెటల్ బరువును వదలకుండా మోస్తోంది. 2024లో 'సినిస్టర్ ఓత్' ఆల్బమ్ ఇచ్చింది.

చివరికి 2020లో బాస్ వాళ్లే కదిలారు. జపాన్‌లోనే, పూర్తి అనలాగ్ సర్క్యూట్‌తో హెచ్ఎం-2డబ్ల్యు తయారుచేశారు. కుజ్నర్ దాన్ని చూడలేదు, 2006లోనే కన్నుమూశాడు. కొత్త పెడల్‌కి నాబ్‌లు ఆ నాలుగే. కొత్తగా చేర్చింది చిన్న స్విచ్ ఒకటి. దాన్ని ఒక పక్కకి నొక్కితే 1983 నాటి గొంతు యథాతథంగా పలుకుతుంది. నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పినా తనివి తీరనివాళ్లకోసం రెండో పక్క ఉంచారు. అటు నొక్కితే గరగర ఇంకా పెరుగుతుంది, అడుగు మోత ఇంకా చిక్కనవుతుంది.